కూర్చోబెట్టిన మోకాళ్ళు

కోయంబత్తూరు పీలమేడులోనో పాపనాయకన్‌పాళయంలోనో యాభై అయిదు దాటిన ఇల్లాలు ఒకరోజు మెట్లు దిగుతూ గోడ పట్టుకుంటుంది. కోడలి కంట పడుతుంది. ఆ సాయంత్రం నుంచే ఇంట్లో పద్ధతులు మారిపోతాయి. "అత్తా, మీరు దిగొద్దు, నేను చూసుకుంటాను కదా." పాలు తేవడం మనవడి వంతు, మేడమీద బట్టలు ఆరేయడం పనమ్మాయి వంతు, గుడికి వెళ్ళాలంటే ఆటో. ఆరు నెలలు తిరిగేసరికి మెట్ల సంగతి అటుంచి, కుర్చీలోంచి లేవడానికే ఎవరో చెయ్యి అందించాలి. "గుజ్జు పూర్తిగా అరిగిపోయిందట" అని చుట్టాలకు ఫోనులో చెబుతారు. నిజానికి ఆ ఆరు నెలల్లో గుజ్జు పెద్దగా మారి ఉండదు. కరిగిపోయింది తొడ కండ.

కీళ్ళ, వెన్ను నొప్పులకు కత్తి పెట్టకుండా, కదలికే ప్రధానంగా చేసే వైద్యం ఎంతవరకు పనిచేస్తుందన్న ప్రశ్న మీద గడచిన నలభై ఏళ్ళలో ప్రపంచమంతటా చాలా పని జరిగింది. కోయంబత్తూరు, మదురై పాత తెలుగు కుటుంబాలను దృష్టిలో పెట్టుకుని దాన్నంతా ఒకసారి పరిచి చూడటం ఇక్కడ ఉద్దేశం. చూసేకొద్దీ నాకు బలపడిన అభిప్రాయం ఒకటుంది. స్థితిమంతుల ఇళ్ళలో ఈ వైద్యానికి పెద్ద అడ్డంకి డబ్బూ కాదు, తెలియకపోవడమూ కాదు. పెద్దవాళ్ళను కూర్చోబెట్టడమే మర్యాద అనుకోవడం.

ఈ కుటుంబాలు మొదటినుంచీ కూర్చున్నవి కావు. విజయనగర, నాయక రాజుల కాలంలో దక్షిణానికి వచ్చి నల్లరేగడిలో పత్తి పండించినవాళ్ళు. ఆ వలస ఎలా సాగిందో, అడవి నరికి ఊరు ఎలా కట్టుకున్నారో కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ 1976లో వచ్చిన 'గోపల్ల గ్రామం' నవలలో తమిళంలో చెప్పాడు. ఆ పత్తి నుంచే కోయంబత్తూరు మిల్లులు లేచాయి. 1910లో లక్ష్మీ మిల్స్ వచ్చింది, 1926లో పీఎస్జీ కుటుంబం ధర్మసంస్థను నెలకొల్పింది. రెండు తరాల కింద ఈ ఇళ్ళ ఆడవాళ్ళు బావినీళ్ళు తోడారు, పత్తి ఏరారు, రుబ్బురోలు ముందు గంటలు కూర్చున్నారు. ఆ రోలుకు మోటారు బిగించి దేశమంతా అమ్మింది మళ్ళీ కోయంబత్తూరే. అక్కడి వెట్ గ్రైండర్‌కు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. రుబ్బురోలు పోయిందని బాధపడేవాళ్ళలో నేను లేను. అది ఎన్ని భుజాలను, ఎన్ని నడుములను తినేసిందో వంటింట్లో బతికినవాళ్ళకే తెలుసు. అయితే పోయిన ఆ పనికి బదులు ఒంటికి మరో పని రాలేదు.

ఒంటికి పని ఎందుకు కావాలి? కీలులో ఎముక చివరలను కప్పి ఉండే మృదులాస్థికి, అంటే మనం గుజ్జు అనేదానికి, రక్తనాళాలు లేవు. కీలు మీద బరువు పడి తీసినప్పుడల్లా చుట్టూ ఉన్న ద్రవం లోపలికీ బయటికీ కదులుతుంది, దానికి తిండి అదే. వెన్నుపూసల మధ్య డిస్కు సంగతీ దాదాపు ఇంతే. పెద్దవాళ్ళ డిస్కులో రక్తనాళాలు ఉండవు, పైనా కిందా ఉన్న పలుచటి పలకల గుండా పోషకాలు మెల్లగా ఇంకాలి. ఆ ఇంకడం బతికున్న మనిషిలో ఎలా సాగుతుందో ఎమ్మారై తీసి గంటల తరబడి గమనించిన అధ్యయనం కోయంబత్తూరు గంగా ఆస్పత్రిలో డాక్టర్ ఎస్. రాజశేఖరన్ బృందం చేసిందే. 2004లో దానికి అంతర్జాతీయ నడుము వైద్యుల సంఘం బహుమతి వచ్చింది. ఆ పలకలు దెబ్బతింటే డిస్కు ఆకలితో చస్తుందని అది చూపింది. అంతమాత్రాన వ్యాయామం చేస్తే అరిగిన డిస్కు మళ్ళీ మొలుస్తుందని అర్థం కాదు. అలా చెప్పి ప్యాకేజీలు అమ్మేవాళ్ళు రెండు ఊళ్ళలోనూ ఉన్నారు. కదలిక వల్ల గుజ్జు తిరిగి రాదు. కీలు చుట్టూ ఉన్న కండ తిరిగి వస్తుంది, బరువు మోసే పనిలో కొంత అది పంచుకుంటుంది, నొప్పికి భయపడే అలవాటు తగ్గుతుంది. వచ్చే లాభమంతా అందులోనే ఉంది.

ముందు ఏ నొప్పో తేల్చుకోవాలి. 'ఆర్థరైటిస్' అనే ఒక్క మాటకింద పొంతన లేని జబ్బులు చాలా ఉన్నాయి. వయసుతో, బరువుతో, పాత దెబ్బలతో వచ్చే అరుగుదల ఒకటి. ఒంటిలోని రక్షణ వ్యవస్థే కీళ్ళమీద తిరగబడే కీళ్ళవాతం ఇంకొకటి. దానిలో చేతివేళ్ళు, మణికట్లు రెండువైపులా వాస్తాయి, పొద్దున లేవగానే బిగుసుకుపోయి గంటదాకా విడవవు. ఇరవై, ముప్ఫై ఏళ్ళ కుర్రాడికి తెల్లవారుజామున నడుం నొప్పితో మెలకువ వచ్చి, లేచి తిరిగితే తగ్గుతోందంటే ఆంకైలోజింగ్ స్పాండిలైటిస్ కావచ్చు. రాత్రికి రాత్రి బొటనవేలు నిప్పులా మండితే గౌటు. వెన్నులో క్షయ మనదేశంలో ఇంకా ఉంది. నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువైతే వెన్ను కర్రలా బిగుసుకుపోతుంది, 1937లో అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లా నుంచే మనదేశంలో ఆ సంగతి మొదట బయటికి వచ్చింది. వీటన్నిటికీ ఒకే తైలం, ఒకే ఆసనం చెప్పేవాణ్ణి నమ్మకూడదు. కీళ్ళవాతానికి మెథోట్రెక్సేట్ లాంటి మందులు తొలి నెలల్లోనే పడాలి. అక్కడ కదలిక మందుకు తోడుగా ఉంటుందే తప్ప మందుకు బదులు కాదు.

తోడుగా అది ఏంచేయగలదో చెప్పడానికి మదురైలోనే ఒక జీవితం ఉంది. డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి 1918లో వడమలాపురంలో, ఆ నల్లరేగడి సీమలోనే పుట్టాడు. మద్రాసు స్టాన్లీ వైద్యకళాశాలలో చదివి, సైన్యంలో డాక్టరుగా చేరి, ప్రసూతి వైద్యంలోకి వెళ్దామనుకున్నాడు. ముప్ఫై ఏళ్ళు నిండేసరికి కీళ్ళవాతం పట్టుకుంది. నెలల తరబడి ఆస్పత్రి మంచం. వేళ్ళు వంకర్లు పోయాయి, కలం పట్టుకోవడమే కష్టమైంది. మెథోట్రెక్సేట్ ఈ జబ్బుకు వాడుకలోకి రాని రోజులవి. ఆయన శాఖ మార్చుకుని కంటివైద్యంలోకి వచ్చాడు. ఆ వంకర వేళ్ళకే కత్తి పట్టడం నేర్పాడు, సాధనతో, తన చేతికి సరిపడే పనిముట్లతో. 1976లో మదురై ప్రభుత్వ వైద్యకళాశాల నుంచి రిటైరయ్యాక పదకొండు పడకలతో అరవింద్ కంటి ఆస్పత్రి పెట్టాడు. ఆయన స్వహస్తాలతో చేసిన ఆపరేషన్లు లక్ష దాటాయి. 2006లో కన్నుమూశాడు.

ఈ కథను 'సంకల్పబలం' అనే మాటతో ముగించడం మన పత్రికలకు అలవాటు. వైద్యం వైపునుంచి చూస్తే అందులో ఇంకో సంగతి కనబడుతుంది. ఆయన వేళ్ళు తిన్నగా కాలేదు, వాటి పని మాత్రం తిరిగి వచ్చింది. బ్రిటన్‌లో కీళ్ళవాతం ఉన్న 490 మందికి చేతివేళ్ళ వ్యాయామాలు నేర్పి చూసిన అధ్యయనం 2015లో లాన్సెట్ వైద్యపత్రికలో వచ్చింది. మందులకు తోడు క్రమంగా బలం పెంచే వ్యాయామం చేసినవాళ్ళ చేతులు, మామూలు సలహాలతో సరిపెట్టుకున్నవాళ్ళ చేతులకంటే ఏడాది తర్వాత కూడా మెరుగ్గా పనిచేశాయి. వంకర పోయిన వేళ్ళు వంకరగానే ఉండి బొత్తాం పెట్టగలిగితే అదే వైద్యం.

ఇక మోకాలు. భారతదేశంలో అయిదు ప్రాంతాల్లో, నలభై దాటినవాళ్ళలో జరిపిన సర్వే ఒకటి 2016లో వచ్చింది. మోకాలి అరుగుదల 28.7 శాతం మందిలో కనబడింది, ఆడవాళ్ళలో ఇంకాస్త ఎక్కువ. వ్యాయామం దీనికి పనికొస్తుందా అన్నదానిమీద జరిగినన్ని పరీక్షలు కీళ్ళ వైద్యంలో మరి దేనిమీదా జరగలేదేమో. 2015లో కాక్రేన్ సంస్థ సమీక్ష నలభై నాలుగు పరీక్షలను కలిపి చూసి, నొప్పికీ పనితనానికీ ఖాయంగా మేలు ఉందని చెప్పింది. అదే సమీక్షను 2024లో 139 పరీక్షలతో తిరగరాసినప్పుడు గొంతు తగ్గింది. మేలు ఉంది, కానీ రోగికి 'తేడా తెలిసింది' అనిపించేటంత ఉందా అన్నది అనుమానమేనంది. వ్యాయామ పక్షపాతులు ఈ రెండో సమీక్షను ఎత్తరు. ఎత్తాలి. నా లెక్కలో దానివల్ల వాదం కూలిపోదు, ఎందుకంటే పోటీలో ఉన్న మందుల పరిస్థితి ఇంతకంటే బాగాలేదు. గ్లూకోసమిన్ బిళ్ళలు వాడొద్దని 2019లో అమెరికా రుమటాలజీ వైద్యుల సంఘం, 2022లో బ్రిటన్ నైస్ సంస్థ రెండూ తేల్చేశాయి. మందుల షాపులో అవే అమ్ముడుపోతున్నాయి. కీలులోకి గొట్టం పెట్టి కడిగి శుభ్రం చేసే ఆపరేషన్‌ను 2002లో హ్యూస్టన్‌లో 180 మంది మీద పరీక్షించారు. కొందరికి చర్మం మీద గాటు మాత్రమే పెట్టి ఊరుకున్నారు. ఫలితం అందరికీ ఒకటే. స్టెరాయిడ్ ఇంజెక్షన్‌ను ఫిజియోథెరపీతో పోల్చిన 2020 నాటి అమెరికన్ పరీక్షలో 156 మంది పాల్గొన్నారు, ఏడాది చివర నొప్పి, ఇబ్బంది తక్కువగా ఉన్నది ఫిజియో చేయించుకున్నవాళ్ళకే.

బరువు సంగతి కలిపితే లెక్క ఇంకా మారుతుంది. 2013లో వచ్చిన అమెరికా అధ్యయనంలో బరువెక్కువై మోకాళ్ళు నొప్పిపుడుతున్న 454 మందిని ఏడాదిన్నర గమనించారు. తిండి తగ్గించి వ్యాయామమూ చేసినవాళ్ళు, ఏదో ఒకటే చేసినవాళ్ళకంటే ముందున్నారు, వాళ్ళ నొప్పి దాదాపు సగానికి పడిపోయింది. ఒంట్లో ఒక కిలో తగ్గితే అడుగు అడుగుకూ మోకాలిమీద దాదాపు నాలుగు కిలోల బరువు తగ్గుతుందని అదే బృందం అంతకుముందు చూపింది. పెళ్ళి విందుల దగ్గర, మూడు పూటలా అన్నం, ఇడ్లీ పెట్టే ఇళ్ళల్లో ఈ మాట ఎవరూ పెద్దవాళ్ళతో అనరు. మోకాలి గురించి గంటసేపు మాట్లాడతారు, విస్తరి గురించి మాట్లాడరు.

నడుము విషయంలో మనం ఇంకా వెనకబడి ఉన్నాం. 'నడుం పట్టేసింది, పదిహేను రోజులు చెక్కబల్ల మీద పడుకోమన్నారు' అన్న మాట ఇప్పటికీ వినబడుతుంది. రెండురోజుల విశ్రాంతి, ఏడురోజుల విశ్రాంతి ఒకటేనని 1986లోనే తేలింది. 1995లో హెల్సింకి నగర ఉద్యోగుల మీద చేసిన పరీక్షలో మంచం ఎక్కినవాళ్ళకంటే, నొప్పి ఓర్చుకున్నంత మేర మామూలు పనులు చేసుకున్నవాళ్ళే తొందరగా కోలుకున్నారు. నొప్పి మొదలైన తొలిరోజుల్లో ప్రత్యేక వ్యాయామాలు చేసినవాళ్ళు కూడా వీళ్ళకంటే వెనకే ఉన్నారు. పాతబడిన నడుంనొప్పికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 చివర్లో ఇచ్చిన సూచనల్లో వ్యాయామం, రోగికి విషయం వివరించడం ఉన్నాయి. నడుం బెల్టులు, ట్రాక్షన్ వద్దన్నారు.

స్కాన్ కాగితం చేసే చెరుపు వేరే. నొప్పి బొత్తిగా లేని మనుషుల వెన్నులను స్కాన్ చేసిన అధ్యయనాలన్నీ కలిపి 2015లో చూస్తే, ఇరవై ఏళ్ళవాళ్ళలోనే 37 శాతం మందికి డిస్కు అరుగుదల ఉంది, ఎనభై ఏళ్ళవాళ్ళలో 96 శాతం మందికి. రిపోర్టులో 'డిజెనరేషన్' అన్న మాట చూసి వంగడం మానేసినవాళ్ళు నాకు చాలామంది తెలుసు. తల నెరిసిందన్న మాటకు ఎంత విలువ ఇస్తామో దానికీ అంతే ఇవ్వాలి. స్కాన్ తప్పనిసరయ్యే గుర్తులు వేరే ఉన్నాయి. మలమూత్రాలు పట్టు తప్పడం, తొడల మధ్య తిమ్మిరి, కాలు నానాటికీ బలం తగ్గిపోవడం, జ్వరం, కారణం లేకుండా చిక్కిపోవడం, ఇంతకుముందు క్యాన్సర్ వచ్చి ఉండటం. వీటిలో ఏదున్నా వ్యాయామం పక్కనపెట్టి ఆస్పత్రికి పరుగెత్తాలి.

అసలు ఆ వ్యాయామం ఎలా ఉంటుంది? అంగవస్త్రం చుట్టి మోకాలికింద పెట్టి, దాన్ని నేలకేసి నొక్కుతున్నట్టు తొడ బిగించి, అయిదు అంకెలు లెక్కపెట్టి వదలడం మొదటి మెట్టు. చూసేవాళ్ళకు ఏమీ జరుగుతున్నట్టే ఉండదు. తర్వాత కుర్చీ. గోడకు ఆనించిన, చేతులు లేని గట్టి కుర్చీ, కూర్చుంటే పాదాలు నేలకు ఆనాలి. రెండు చేతులూ గుండెమీద అడ్డంగా పెట్టుకుని, ముందుకు వంగి లేవాలి. కూర్చునేటప్పుడే అసలు పని, దబ్బున పడకూడదు, మూడు లెక్కపెడుతూ దిగాలి. మొదట్లో లేవలేకపోతే కుర్చీమీద రెండు దిళ్ళు వేసి ఎత్తు పెంచుతారు, వారం వారం ఒక్కో దిండు తీసేస్తారు. పదిసార్లు తేలికైతే కాఫీపొడి డబ్బానో బియ్యం సంచినో గుండెకు హత్తుకుని లేస్తారు. చేస్తుంటే కొంత నొప్పి వేయడం తప్పేమీ కాదు. మర్నాటికి పాత స్థితికి రావాలి, రాకపోతే మోతాదు తగ్గించాలి, మానకూడదు. 'నొప్పి వేసింది, మానేశాను' అన్నచోటే చాలా ఇళ్ళలో ఈ వైద్యం ఆగిపోతోంది.

నడక సరిపోదా అని అడుగుతారు. కోయంబత్తూరు రేస్‌కోర్సు చుట్టూ, మదురైలో తిరుమల నాయకుడు తవ్వించిన తెప్పకుళం చుట్టూ తెల్లవారక ముందే తిరిగే జనాన్ని చూస్తే ముచ్చటేస్తుంది. నడక గుండెకు మంచిది, మనసుకు మంచిది, మోకాలికీ కొంత మంచిదే. కానీ తొడ కండకు దానివల్ల రావలసినంత బలం రాదు. రాజకంబళ నాయకులు దుందుభి దెబ్బకు ఆడే దేవరాట్టం ఈ పనికి మెరుగు. మోకాళ్ళు సగం వంచి, బరువు ఒక కాలినుంచి ఇంకో కాలికి మార్చుతూ, వేగం పెంచుకుంటూ పోయే ఆట అది. బోస్టన్‌లో 204 మంది మీద 2016లో చేసిన పరీక్షలో మోకాలి నొప్పికి చైనావాళ్ళ తాయ్‌చీ ఫిజియోథెరపీతో సమానంగా నిలిచింది. అందులో కాళ్ళు చేసే పనీ ఇంచుమించు ఇదే, నెమ్మదిగా. అయితే దేవరాట్టం కుర్రాళ్ళ ఆట, డెబ్భై ఏళ్ళవాళ్ళకు అడుగు తగ్గించి నేర్పాల్సి ఉంటుంది.

సంప్రదాయ వైద్యాలను ఈ సమీక్షలో దాటేయలేం. తమిళనాడులో ఏ పట్నానికి వెళ్ళినా 'పుత్తూరు కట్టు' బోర్డు కనబడుతుంది. చిత్తూరు సీమ పుత్తూరు నుంచి వచ్చిన తెలుగు విద్య అది. విరిగిన ఎముకకు ఆకుపసరు, గుడ్డు సొన, వెదురుబద్దలతో కట్టే కట్టు. ఎముకకు దాని మంచిచెడ్డలు వేరే చర్చ. అరిగిన మోకాలికి, పట్టేసిన భుజానికి అదే కట్టు కట్టించుకుని నెల కదలకుండా కూర్చోవడం మాత్రం జబ్బును పెంచుకోవడమే. ఆయుర్వేదానికి వస్తే కోయంబత్తూరుకు ఒక గౌరవం ఉంది. కీళ్ళవాతంలో ఆయుర్వేద చికిత్సను మెథోట్రెక్సేట్‌తో, ఎవరికి ఏ మందు పడుతోందో ఎవరికీ తెలియని పద్ధతిలో పోల్చిన పరీక్ష అక్కడే జరిగి 2011లో వెలువడింది. ఆయుర్వేదం, మెథోట్రెక్సేట్, రెండూ కలిపి పుచ్చుకున్న మూడు గుంపులూ దాదాపు సమానంగా మెరుగయ్యాయి. మొత్తం రోగులు 43 మంది. అంత చిన్న లెక్కతో ఆయుర్వేదం గెలిచిందనీ చెప్పలేం, ఓడిందనీ చెప్పలేం. ఇలాంటి పరీక్షకు ఒప్పుకున్న ధైర్యాన్ని మెచ్చుకోవాలి. తైలమర్దనం మీద నాకు వైరం లేదు. మర్దనం అయ్యాక ఒళ్ళు వెచ్చబడి నొప్పి సడలిన ఆ గంటలో కుర్చీ వ్యాయామం చేయిస్తే తైలం డబ్బులు దక్కుతాయి.

ఇప్పటిదాకా చెప్పిందంతా కూర్చోగలిగినవాళ్ళ గురించి. కోయంబత్తూరు, మదురై తెలుగువాళ్ళంటే నాయుళ్ళే అనుకునే పొరపాటు మన వ్యాసాల్లో తరచు జరుగుతుంది. ఇంట్లో తెలుగు మాట్లాడే అరుంధతీయులు కోయంబత్తూరు చుట్టుపక్కల కొంగుసీమలో పెద్ద సంఖ్యలో ఉన్నారు, నగరాల పారిశుద్ధ్య పనిలో వాళ్ళ వాటా ఎక్కువ. చెత్తబండి తోసి, గంపలెత్తి, వంగి ఊడ్చే మనిషికి 'కదలండి' అన్న సలహా ఎగతాళిలా ఉంటుంది. ఆ నడుముకు కావలసింది వేరు: బరువు తగ్గించే పనిముట్టు, బారు పిడి చీపురు, షిఫ్టు మధ్యలో విరామం, నొప్పి వచ్చిన వారం జీతం కోయకుండా తేలికపాటి పని. రోజల్లా ఒకే కండను అరగదీసే పని వ్యాయామం కిందికి రాదు. మిగతా కండలకు, ముఖ్యంగా పొట్ట, పిరుదులకు, వాళ్ళకూ విడిగా బలం కావాలి. దాన్ని నేర్పడానికి మనిషి వాళ్ళ వీధికే వెళ్ళాలి. 2021 ఆగస్టులో తమిళనాడు ప్రభుత్వం మొదలుపెట్టిన 'మక్కళై తేడి మరుత్తువం' పథకంలో బీపీ, షుగరు మందులతో పాటు ఫిజియోథెరపీ కూడా గడపకే వస్తుంది. పక్షవాతం వచ్చి మంచానపడ్డవాళ్ళతో ఆగకుండా పనిచేస్తూ నొప్పిపడుతున్నవాళ్ళ దాకా దాన్ని తీసుకురాగలిగితే దాని విలువ రెట్టింపవుతుంది.

చివరికి ఆపరేషన్ వద్దా అంటే, కొందరికి కావాలి. డెన్మార్క్‌లో వందమందిని రెండుగా విడదీసి 2015లో ఫలితం ప్రకటించారు. మోకీలు మార్పిడి చేయించుకుని వ్యాయామం చేసినవాళ్ళు, వ్యాయామంతో సరిపెట్టుకున్నవాళ్ళకంటే ఎక్కువ మెరుగయ్యారు. చిక్కులూ వాళ్ళకే ఎక్కువ వచ్చాయి. ఆపరేషన్ లేని యాభైమందిలో ఏడాదిలోపు ఆపరేషన్‌కు వెళ్ళింది పదముగ్గురే. అంటే ముందు మూడునెలలు గట్టిగా ప్రయత్నించి, అప్పుడు నిర్ణయించుకుంటే చాలామందికి కత్తి వాయిదా పడుతుంది, పడనివాళ్ళు బలమైన తొడతో బల్ల ఎక్కుతారు. 2017 ఆగస్టులో కేంద్రం కృత్రిమ మోకీలు ధరకు కళ్ళెం వేసింది, మామూలు రకానికి 54,720 రూపాయలు, పన్ను అదనం. ఆ తర్వాత ఆపరేషన్ మధ్యతరగతికి అందుబాటులోకి వచ్చింది. ఫిజియోకు వెళ్ళడమే ఇప్పటికీ అందని పని. బీమా పథకాలు ఎక్కువగా ఆస్పత్రిలో చేరినవాళ్ళ ఖర్చే చూస్తాయి.

మోకాళ్ళ నొప్పులవాళ్ళ కోసం డెన్మార్క్‌వాళ్ళు 2013 నుంచి నడుపుతున్న కార్యక్రమంలో రోగికి దక్కేది రెండుమూడు పాఠాలు, గుంపుగా వారానికి రెండు చొప్పున ఆరు వారాల వ్యాయామం. కావలసిన సామాను ఒక హాలు, చాపలు, కుర్చీలు, శిక్షణ పొందిన ఒక ఫిజియో. పీఎస్జీ వాళ్ళ ఫిజియోథెరపీ కళాశాల కోయంబత్తూరులోనే ఉంది. హాళ్ళ సంగతికి వస్తే, రెండు ఊళ్ళలోనూ తెలుగు సంఘాల కల్యాణమండపాలు ఆషాఢంలో, మూఢంలో నెలల తరబడి తాళం వేసే ఉంటాయి.